విల్లీస్ జీపు: పరిశీలన, సంరక్షణ

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైన్యం కోసం విల్లీస్-ఓవర్‌ల్యాండ్ కంపెనీ 1941 నుంచి తయారుచేసిన, నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే తేలికపాటి వాహనం విల్లీస్ జీపు. స్వాతంత్ర్యానంతరం మహీంద్రా సంస్థ దీన్ని భారతదేశంలోనే బిగించి అమ్మింది. నల్లమల అంచున ఉన్న యర్రగొండపాలెం పరిసరాల రాళ్లదారులకు పాత అమెరికన్ బండ్లలో ఇంతగా నప్పేది మరొకటి లేదు.

కొనేవారు రంగు మెరుపును కాక ఛాసిస్‌ను, అంటే బండి బరువంతా మోసే ఉక్కు చట్రాన్ని ముందు చూడాలి. చిన్న సుత్తితో తడితే గట్టి ఇనుము ఖంగుమంటుంది, లోపల తుప్పు తిన్నచోట బోలుగా మొద్దు శబ్దం వస్తుంది. రేకుపై అయస్కాంతం అంటుకోనిచోట మందంగా లప్పం పెట్టారని గ్రహించాలి. ఛాసిస్, ఇంజను నంబర్లు ఆర్‌సీతో సరిపోకపోతే ధర ఎంత తక్కువైనా ఆ బండిని వదులుకోవడమే మేలు.

యర్రగొండపాలెం ప్రాంతంలో బోరునీటి కాఠిన్యం రేడియేటర్‌కు పెద్ద శత్రువు. ఆ నీరు సన్నని గొట్టాల్లో సున్నపు పొరలా పేరుకొని ఇంజను వేడెక్కడానికి కారణమవుతుంది కనుక, శుద్ధజలంలో కూలెంట్ కలిపి పోయాలి. ఇథనాల్ కలిసిన నేటి పెట్రోలు పాత రబ్బరు గొట్టాలను దెబ్బతీస్తుంది కాబట్టి వాటిని మార్చుకోవాలి.

కేంద్రం 2021లో చేసిన నిబంధనల ప్రకారం, తొలి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడని సొంత వాహనాన్ని రూ.20,000 రుసుముతో వింటేజ్ వాహనంగా నమోదు చేయించవచ్చు. అది పదేళ్లు చెల్లుతుంది.