తావో తత్త్వము – పౌరహక్కుల వాఙ్మయము

చీనాదేశమున క్రీస్తుపూర్వము పొడమిన తావో చింతనమునకును, అమెరికా సంయుక్త రాష్ట్రములలో నల్లజాతివారి హక్కులకై వెలసిన వాఙ్మయమునకును నడుమ గల భావసామ్యము, ఒకదానినుండి యొకటి నేరుగా గ్రహించుటవలన గాక, కొంత స్వతంత్రముగను, కొంత టాల్‌స్టాయి, మెర్టనుల మూలముగను ఏర్పడినది. బలాత్కారమునకు లొంగని మృదుత్వము, అధికారముపై సందేహము, ధర్మాడంబరముపై విముఖత యీ రెంటికిని ఉమ్మడి విషయములు.

లావోత్సే రచించెనని ప్రతీతి గల ‘తావో తె చింగ్’ 81 అధ్యాయముల చిన్న గ్రంథము. కఠినమైనదానిని జలము జయించుననియు, ఆయుధములు అమంగళకరములనియు, పాలకులు మితిమీరి పన్నులు గొనుటచేతనే ప్రజలు ఆకలిగొందురనియు నిందు గలదు. చ్వాంగ్ త్సే పేరిట నున్న గ్రంథము ఇంకను తీక్ష్ణముగా, నడికట్టు కొక్కెమును దొంగిలించినవానికి మరణదండనమును, రాజ్యమునే అపహరించినవానికి ప్రభుత్వమును లభించుచున్నవని అపహసించెను. పావో చింగ్‌యెన్ అనునతడు రాజే వలదనెను; అతని వాదము దానిని ఖండింపబూనిన కో హుంగ్ రచనయందే నిలిచియున్నది. అటుపిమ్మట తావో మతము ఆలయములతోడను, రసవాదముతోడను విస్తరిల్లెను.

‘తావో తె చింగ్’నకు స్టానిస్లాస్ జ్యూలియెన్ చేసిన ఫ్రెంచి అనువాదము 1842లో ప్యారిసున వెలువడినది. ఆ దశాబ్దముననే, 1846 జూలైలో, బానిసత్వమును మెక్సికో యుద్ధమును సాగించు ప్రభుత్వమునకు తలపన్ను చెల్లింపక, కాంకర్డు చెరసాలలో ఒక రాత్రి గడపిన హెన్రీ డేవిడ్ థోరో, 1849లో ప్రకటించిన వ్యాసమున, పాలన యెంత తగ్గిన ప్రభుత్వ మంత మేలనెను. లావోత్సే మెచ్చిన పాలకుడును ఉనికి మాత్రమే తెలియువాడు. అయినను ఆ వ్యాసమున థోరో పేర్కొనినది లావోత్సేను గాక కన్ఫ్యూషియసునే.

టాల్‌స్టాయి విషయము వేరు. 1884 నాటికే లావోత్సేను శ్రద్ధతో పఠించుచుండిన ఆ మహారచయిత, శ్రమయే పరమార్థమని యువకులకు బోధించిన ఎమిల్ జోలాకు ప్రత్యుత్తరముగా, నిష్క్రియను గూర్చి 1893లో వ్యాసము వ్రాసెను. కొనిషీ అనునతడు చేయగా ఆయన పరిష్కరించిన లావోత్సే రష్యను అనువాదము, ఆయన మరణానంతరము 1913లో అచ్చయినది. ఆయన రచించిన ‘దేవుని రాజ్యము నీలోనే యున్నది’ అను గ్రంథమును గాంధి దక్షిణాఫ్రికాలో చదివి చలించెను. గాంధి మార్గము మార్టిన్ లూథర్ కింగునకు ఆదర్శమయ్యెను. 1955 డిసెంబరు 5న మాంట్‌గోమరీలో మొదలైన సత్యాగ్రహమున, 381 దినములు, బస్సు లెక్కకుండుటయే నల్లజాతివారి ఆయుధము. ఇట్టి విరమణమున తావో ఛాయ గోచరించును. అయినను 1963 ఏప్రిలులో బర్మింగ్‌హాము చెరసాలనుండి, ఓర్పు వహింపుడని హితవు చెప్పిన మతాచార్యులకు వ్రాసిన లేఖలో, న్యాయమునకై ఉద్రిక్తత కావలయునని కింగు స్పష్టముగా వాదించెను. కాలము తనంతట గాయములను మాన్పునను నమ్మకమును ఆయన అంగీకరింపలేదు. తావో జ్ఞానితో ఆయనకు గల భేదము స్వల్పమైనది కాదు.

ఈ రెండు వాఙ్మయములను ఒకే చేతితో స్పృశించినవాడు థామస్ మెర్టన్. కెంటకీ రాష్ట్రమునందలి గెత్సెమని మఠమున మౌనము పాటించు సన్యాసియై యుండియు, 1964లో ‘వినాశ బీజములు’ అను సంపుటమున శ్వేత ఉదారవాదులకు నిశితమైన లేఖలు వ్రాసి, తమ సుఖమునకు భంగము రానంతవరకే వారి సానుభూతి నిలుచునని హెచ్చరించెను. మరుసటి యేడు, చీనా భాష ఎరుగకయే, పెక్కు అనువాదములను పోల్చుకొని, జాన్ వూ అను పండితుని సాహాయ్యముతో చ్వాంగ్ త్సేను మనోహరముగా ఆంగ్లమున వెలయించెను. తన సుగుణమును తానే చాటుకొనువానిపై చ్వాంగ్ త్సేకు గల పరిహాసమే ఆ లేఖలలోను వినవచ్చును. లేఖలను నిరాశాపూరితములని మొదట విమర్శించిన చరిత్రకారుడు మార్టిన్ మార్టీ, నగరములలో అల్లరులు చెలరేగిన 1967 వేసవి పిమ్మట, మెర్టన్ అంచనాయే సరియైనదని పత్రికాముఖముగా ఒప్పుకొనెను.