గుర్రపుడెక్క చరిత్ర

కృష్ణా, గోదావరి డెల్టాల కాలువలను, కొల్లేటి సరస్సును ఎరిగినవారికి గుర్రపుడెక్కను పరిచయము చేయనక్కరలేదు. లేత ఊదారంగు పూలగుత్తులతో కనులపండువుగా ఉండు ఈ మొక్క మన దేశమునకు చెందినది కాదు. దీని పుట్టినిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాన్ నదీప్రాంతము. 1823లో జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు మార్షియస్ దీనిని శాస్త్రలోకమునకు తెలియజేసెను.

పూల అందమే దీనిని దేశదేశములకు చేర్చినది. ముచ్చటపడి కొలనులలో పెంచినవారే, మితిమీరిన మొక్కలను తీసి కాలువలలో పారవేసిరి. 1890 తరువాత అమెరికాలోని ఫ్లోరిడాలో సెయింట్ జాన్స్ నదిపై పడవలు కదలలేని స్థితి ఏర్పడినది. దీనిని మేయుటకు ఆఫ్రికా నుండి నీటిగుర్రములను తెప్పించవలెనని 1910లో బ్రౌసార్డ్ అను సభ్యుడు అమెరికా కాంగ్రెసులో బిల్లు ప్రవేశపెట్టెను. అది నెగ్గలేదు.

మన దేశములో దీనివలన మిక్కిలి బాధపడినది వంగరాష్ట్రము. వరిచేలు, పడవదారులు, చేపల చెరువులు దెబ్బతినగా, 1921లో ప్రభుత్వము జగదీశచంద్ర బోసు అధ్యక్షతన ఒక విచారణసంఘమును నియమించినది. 1936లో దీని నిర్మూలనకు ప్రత్యేకముగా చట్టము చేయబడినది. 1937 ఎన్నికలలో రాజకీయపక్షములు దీనిని తొలగింతుమని వాగ్దానము చేసినవి. తోటలో పూయవలసిన మొక్క ఎన్నికల సమస్య అయినది!

దీనికి ఇంత బలమెక్కడిది? ఉబ్బిన కాడలలో గాలి నిండియుండుటచే మొక్క నీటిపై తేలును. పక్కకు సాగిన పిలకలు విడిపోయి కొత్తమొక్కలగును. పదిహేను రోజులకొకసారి రెట్టింపగుననుకొన్నచో, ఒక్క మొక్క ఆరు నెలలలో 4,096 మొక్కలగును. విత్తనములు బురదలో ఏండ్ల తరబడి నిలువయుండును. నీటిని కప్పివేయుటచే లోపలికి వెలుతురు చేరదు. ఆక్సిజన్ తగ్గి చేపలు చచ్చును.

అయితే అమెజాన్ ప్రాంతములో ఇది ఇంతగా చెలరేగదు. దీనిని తిను పురుగులు అక్కడ ఉన్నవి. మొక్క సముద్రములు దాటినది. శత్రువులు వెనుకనే ఉండిపోయినవి. ఈ సూత్రము గ్రహించిన శాస్త్రజ్ఞులు 1982లో దక్షిణ అమెరికా జాతి ముక్కుపురుగులను మన దేశమునకు తెప్పించిరి. అవి ఇతర పైరులను తినవని పరీక్షించిన పిమ్మట బెంగళూరు ప్రాంతపు చెరువులలో విడిచిరి. కొన్ని ఏండ్లలో అచ్చటి పలుచెరువులు తేటపడినవి.

కాని మురుగునీరు చేరుచున్నంతకాలము ఈ మొక్కకు ఎరువు అందుచునే ఉండును, పురుగులొక్కటే చాలవు. ఒక మొక్కను కొత్తచోటికి తెచ్చునపుడు దాని పువ్వును మాత్రమే కాక, పుట్టినచోట దానిని అదుపులో ఉంచునదేదియో కూడ చూడవలెను.