పొలిమేర కావలి: అంటురోగ నిర్బంధముల చరిత్ర

అంటురోగము ప్రబలినపుడు ఊరి పొలిమేరను కాచుకొనుట తెలుగు పల్లెలకు క్రొత్త కాదు. మశూచి, కలరా సోకిన దినములలో పోలేరమ్మకు మ్రొక్కుటయు, పొలిమేరలో జాతర జరుపుటయు, రోగమున్న ఊరివారిని రానీయకుండుటయు పూర్వాచారములే. 2020 మార్చి చివరి వారములో అనేక గ్రామముల ప్రజలు దారులకు అడ్డముగా ముళ్ళకంపలు వేసి, వంతుల వారీగా కావలి యుండిరి. ఆ కంపలో ఒక శాస్త్రసత్యము కలదు. ఒక ప్రమాదమును కలదు. మనిషి కదలిక తగ్గినచో రోగపు కదలిక తగ్గును. ఇది సత్యము. ఆపబడిన మనిషి ఎక్కడ నిలువవలెను, ఏమి తినవలెను అను ప్రశ్నకు కంప జవాబు చెప్పదు. ఇది ప్రమాదము.

మిరప, ప్రత్తి పండు గుంటూరు, ప్రకాశం మైదానములు, అందులోని దర్శి ప్రాంతము, ఈ రెండింటిని ఆ సంవత్సరము చవిచూచినవి. ఏల అట్లు జరిగెనో తెలియవలెనన్న ఈ నిర్బంధముల పుట్టుపూర్వోత్తరములు కొంత తెలిసికొనవలెను.

నలువది దినముల ఆచారము

రోగసీమల నుండి వచ్చువారిని కొన్ని దినములు వేరుగా నుంచు పద్ధతి ఐరోపాలో 14వ శతాబ్దమున చట్టరూపము దాల్చినది. 1347 మొదలుకొని ప్లేగు ఆ ఖండములో కోట్లకొలది ప్రజలను హరించెను. 1377లో అడ్రియాటిక్ సముద్రతీరమునందలి రగూసా నగరము (నేటి క్రొయేషియాలోని డుబ్రోవ్నిక్) ఒక శాసనము చేసెను. దాని ప్రకారము రోగపీడిత ప్రదేశముల నుండి వచ్చువారు నగరప్రవేశమునకు ముందు 30 దినములు వెలుపల గడపవలెను. తరువాత వెనిస్ మున్నగు రేవులలో ఈ గడువు 40 దినములైనది. ఇటలీ భాషలో నలువదికి గల పేరు నుండియే ‘క్వారంటైన్’ అను మాట పుట్టినది.

నాటివారు సూక్ష్మజీవుల నెరుగరు. ఐనను వారి అనుభవము ఒక నిజమును పట్టుకొనెను. రోగము సోకిన దినముననే బయటపడదు. మిరపగింజ నారుమడిలో చల్లిన వారము పదిదినములకు గాని మొలక కనబడనట్లు, రోగబీజము దేహములో చేరిన కొన్ని దినములకు గాని లక్షణములు కనబడవు. దీనిని శాస్త్రజ్ఞులు పొదుగుకాలమందురు. ఆ కాలము గడచువరకు మనిషిని వేరుగా నుంచినచో, రోగమున్నదో లేదో తేలును. క్వారంటైన్ కు ఆధారమింతయే. అనగా అది దండన కాదు; ఒక నిరీక్షణము.

ప్లేగు పాసుపోర్టు

మన దేశమున ఈ పద్ధతి పెద్ద ఎత్తున ప్రయోగింపబడినది ప్లేగు కాలమున. 1896లో బొంబాయి నగరమున ప్లేగు కనబడెను. 1897 ఫిబ్రవరిలో ప్రభుత్వము అంటురోగముల చట్టమును చేసెను. నాలుగే సెక్షన్లు గల చిన్న చట్టమది. అది యిచ్చిన అధికారము మాత్రము మిక్కిలి పెద్దది. రైలు ప్రయాణికులను పరీక్షించుటకును, అనుమానితులను ఆసుపత్రులలోగాని తాత్కాలిక వసతులలోగాని వేరుగా నుంచుటకును అది వీలు కల్పించెను. దానిని అమలుపరచిన ఉద్యోగులపై వ్యాజ్యము వేయుటకు వీలులేకుండ రక్షణయు కల్పించెను.

పూనాలో సైనికులు ఇండ్లు జొచ్చి సోదాలు చేసిరి. రోగులను, వారి బంధువులను శిబిరములకు తరలించిరి. ప్రజలలో ఆగ్రహము రగిలెను. 1897 జూన్ 22న అచటి ప్లేగు కమిటీ అధ్యక్షుడు రాండ్ పై కాల్పులు జరిగెను. కొలది దినములలో అతడు మరణించెను. 1900 ఏప్రిల్ లో కాన్పూరు ప్రజలు ప్లేగు శిబిరముపై దాడి చేసిరి. అప్పటికే ప్రభుత్వము బలప్రయోగమును సడలింపక తప్పలేదు.

దర్శి ఆనాడు మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలోనిది. మద్రాసు ప్రభుత్వము ‘ప్లేగు పాసుపోర్టు’ అను పద్ధతిని పెట్టెను. రోగమున్న ప్రాంతము నుండి వచ్చు ప్రయాణికునకు ఒక పత్రమిచ్చెడివారు. అందు అతని పేరు, గమ్యస్థానము మున్నగు వివరము లుండెడివి. అతడు తన గమ్యము చేరిన పిదప 10 దినములు స్థానికాధికారి ఎదుట కనబడి రావలెను. ఇది జనులకు చిరాకు కలిగించినదే. కాని ఇందొక గుణమున్నది. మనిషిని దారి మధ్య నిలుపక, ఇంటికి పోనిచ్చి, ఇంటివద్దనే కనిపెట్టి యుండుట దీని పద్ధతి.

ఐతే అప్పటికి ప్లేగు వ్యాపించు తీరు ఎవరికిని స్పష్టముగ తెలియదు. 1894లో హాంగ్‌కాంగ్ లో యెర్సిన్ ప్లేగు సూక్ష్మజీవిని కనుగొనెను. 1898లో కరాచీలో సిమాండ్ అను ఫ్రెంచి వైద్యుడు, ఎలుకల మీది ‘ఫ్లీ’ అను చిన్న కీటకములే రోగమును మోయుచున్నవని ప్రయోగముతో చూపెను. చాలమంది దానిని వెంటనే నమ్మలేదు. 1905 తరువాత మన దేశమున జరిగిన పరిశోధనలు దానిని స్థిరపరచినవి. మనుష్యుని ఆపి పరీక్షించిన స్టేషనులోనే ధాన్యపు బస్తాల మాటున ఎలుక సుఖముగా దాటిపోవుచుండెను. రోగము నడచుదారి తెలియనిచో కావలి ఎంత కఠినమైనను వ్యర్థమని ఈ చరిత్ర బోధించును.

పొందుగుల వంతెన

2020లో శాస్త్రము ఇంత చీకటిలో లేదు. కరోనా వైరస్ సోకిన వారిలో లక్షణములు సగటున 5 దినములకు కనబడుననియు, లక్షణములు కనబడువారిలో నూటికి 97 మందికి పైగా పదకొండున్నర దినముల లోపలనే బయటపడుదురనియు ఆ సంవత్సరము తొలినెలలలోనే లెక్క తేలెను. 14 దినముల గడువునకు ఆధారమిదియే. లక్షణములు కనబడుటకు ఒకటి రెండు దినములు ముందే రోగము ఇతరులకు అంటుననియు తెలిసెను. కావున పొలిమేరలో జ్వరము కొలిచినంత మాత్రమున రోగిని గుర్తింపలేము. కొన్నాళ్లు వేరుగా నుంచుట అవసరమే. సమస్య ఎక్కడ నుంచుటయన్నదే.

మార్చి 25 నుండి దేశమంతట 21 దినముల లాక్‌డౌన్ అమలులోనికి వచ్చెను. హైదరాబాదులో చదువుకొనుచు, చిన్న ఉద్యోగములు చేయుచు వసతిగృహములలో నుండు ఆంధ్ర యువకులు వేలమంది. నిర్వాహకులు గదులు ఖాళీ చేయుమనిరి, భోజనశాలలు మూతపడెను. తెలంగాణ పోలీసులు ఊళ్ళకు పోవుటకు అనుమతి పత్రములిచ్చిరి. వాటిని పట్టుకొని కొందరు విజయవాడ దారిలోని గరికపాడు చెక్‌పోస్టుకును, కొందరు పల్నాటి దారిలోని పొందుగులకును చేరిరి. పొందుగుల కృష్ణానది ఒడ్డున నున్నది. అద్దంకి–నార్కెట్‌పల్లి రహదారి అచట వంతెన మీదుగా నది దాటును. ప్రకాశం జిల్లా మెట్టప్రాంతములకు హైదరాబాదు నుండి వచ్చువారికి అది వాకిలి వంటిది.

ఒక ప్రభుత్వమిచ్చిన పత్రము రెండవ ప్రభుత్వము వద్ద చెల్లలేదు. లోనికి వచ్చువారు 14 దినములు క్వారంటైన్ లో నుండవలెనని ఆంధ్రప్రదేశ్ అధికారులనిరి. వెనుకకు పోవుదమన్న గది లేదు. ముందుకు పోవుదమన్న దారి లేదు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. మార్చి 26న పొందుగుల కడ ఓర్పు నశించి, తోపులాట జరిగెను. రాళ్ళు పడెను, లాఠీలు లేచెను. ఇరురాష్ట్రముల ముఖ్యమంత్రులు మాటలాడుకొనిరి. అనుమతి పత్రములు నిలిపివేయబడెను; వసతిగృహములు మూయరాదని ఆజ్ఞలు వెలువడెను. ఆ ఆజ్ఞ రెండు దినములు ముందుగా వచ్చియుండినచో వంతెనపై ఆ గుంపే ఉండదు. దూరము పాటించుటకై పెట్టిన నిబంధన వేలమందిని ఒక్కచోట కిక్కిరియజేసినది.

ఆగిపోయిన కూలీలు

మార్చి, ఏప్రిల్ నెలలు ఈ మైదానములలో మిరపకోతల కాలము. కర్నూలు జిల్లా పడమటి మండలముల నుండి కుటుంబములతో సహా వేలాది కూలీలు ఏటేటా కోతలకు వత్తురు. ఆ సంవత్సరము వారు కళ్ళములలోను, చేలగట్ల గుడిసెలలోను చిక్కుకొనిరి. గుంటూరు మిర్చియార్డు మూతపడెను. టిక్కీలకెత్తిన కాయ కదలలేదు. రైతుకు రొక్కము రాలేదు. కూలికి దారి లేదు. గుజరాత్ లోని వెరావల్ రేవులో ఉత్తరాంధ్ర మత్స్యకారులు వేలమంది పడవలలోనే దినములు గడిపి, ఏప్రిల్ చివర బయలుదేరిన బస్సులలో ఇల్లు చేరిరి. తెలంగాణ మిరపచేల నుండి ఛత్తీస్‌గఢ్ లోని బీజాపూర్ జిల్లాకు అడవిదారిన నడచిన 12 ఏండ్ల బాలిక ఏప్రిల్ 18న ఇంటికి చేరువలో ప్రాణము విడిచెను. చిక్కుబడిన కూలీలు స్వస్థలములకు పోవచ్చునని కేంద్ర ప్రభుత్వము ఏప్రిల్ 29న అనుమతించెను. లాక్‌డౌన్ మొదలై అప్పటికి 35 దినములు గడచినవి.

కురిచేడు

దర్శికి పొరుగుననున్న కురిచేడులో 2020 జూలై చివర జరిగిన దుర్ఘటన వేరొక పాఠము చెప్పును. ఊరిలో రోగము పెరుగుటచే దుకాణములతోబాటు మద్యశాలలను మూసివేసిరి. తాగుడుకు బానిసలైన కొందరు చేతులు శుభ్రపరచుకొను శానిటైజర్ ను త్రాగిరి. పదిమందికి పైగా మరణించిరి.

శానిటైజర్ లో ఎక్కువ పాలు సారాయి జాతికి చెందిన ద్రవమే. ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచించిన పాకములలో ఒకదాని యందు నూటికి 80 పాళ్ళు ఇథైల్ ఆల్కహాలు, రెండవదానియందు 75 పాళ్ళు ఐసోప్రొపైల్ ఆల్కహాలు ఉండును. చర్మమునకు మేలు చేయునది కడుపునకు విషమగును. మిథైల్ ఆల్కహాలు కలిసినచో మరింత ఘోరము. అది కాలేయములో ఫార్మాల్డిహైడ్ గా, ఆపై ఫార్మిక్ ఆమ్లముగా మారి, కంటినరమును చెరచి, ప్రాణమునే తీయును. ఏండ్లతరబడి త్రాగినవానికి మద్యము ఒక్కసారిగా దొరకనిచో వణుకు, మూర్ఛ, మతిభ్రమణము కలుగుట వైద్యులెరిగినదే. అది చికిత్స చేయదగిన స్థితి. దుకాణమునకు తాళము వేసినవారు వైద్యుని కూడ పంపవలసినది.

కడసారి చూపు

నిర్బంధములన్నిటిలోను జనుల మనస్సును ఎక్కువ గాయపరచినది అంత్యక్రియలకు సంబంధించినది. అంత్యక్రియలకు 20 మందికి మించరాదని నియమము. పొరుగు జిల్లాలోని బిడ్డ తల్లిదండ్రుల కడసారి చూపునకు రాలేకపోయెను. ఇచట శాస్త్రము ప్రజలు భయపడినంత కఠినమైనది కాదు. మృతదేహమును తాకుట వలన రోగము సోకినట్లు ఆధారములు లేవని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020 మార్చిలోనే తెలిపెను. దేహమును కౌగిలించుట, స్నానము చేయించుట కూడదనినను, సంచి కొంత తెరచి ముఖము చూపవచ్చునని కేంద్ర ఆరోగ్యశాఖ సూచనలలోనే కలదు. పెక్కుచోట్ల ఆ వాక్యము ప్రజల చెవికి చేరలేదు. భయము మాత్రము చేరినది.

2021 మే నెలలో రెండవ వెల్లువ కాలమున పొలిమేర మరల మూతపడెను. ఆంధ్ర నుండి హైదరాబాదు ఆసుపత్రులకు పోవు అంబులెన్సులను తెలంగాణ సరిహద్దులలో నిలిపివేసిరి. ఊపిరాడని రోగులు వాహనములలోనే వేచియుండిరి. మే 14న తెలంగాణ హైకోర్టు ఆ ఉత్తరువు అమలును ఆపివేసెను. ఆరోగ్యవంతుని కొన్నాళ్ళు ఆపుట నిరీక్షణము. ప్రాణాపాయములో నున్న రోగిని ఆపుట ఏ శాస్త్రమును సమర్థింపని కార్యము.

ఆపినవాని బాధ్యత

లాక్‌డౌన్ వలన మేలే కలుగలేదనుట న్యాయము కాదు. 2020 జనవరిలో కరోనా పరీక్షకు పూనాలోని ప్రయోగశాలయే దిక్కు. జూన్ చివరకు దేశమున అట్టివి 1,000 ఏర్పడెను. పడకలు, ఆక్సిజన్, వైద్యుల రక్షణదుస్తులు సమకూర్చుకొనుటకు వ్యవధి చిక్కెను. 2021 జనవరి 16న టీకాలు మొదలగు వరకు మనుష్యుల నడుమ ఎడమే మందు. కాని ఆ మందు ధర అందరును సమముగ చెల్లింపలేదు. సొంత ఇల్లును, నెలజీతమును గలవానికి అది విశ్రాంతి. గుడిసెలోని కూలికి అది ఆకలి.

2005లో ప్రపంచ దేశములు ఆమోదించిన అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలలో ఒక అధికరణము కలదు. క్వారంటైన్ లో నుంచిన ప్రయాణికునకు తగిన ఆహారము, నీరు, వసతి, వైద్యము సమకూర్చవలెననియు, వీలైనంతవరకు అతనికర్థమగు భాషలో సమాచారమందవలెననియు దాని భావము. దేశదేశముల నడుమ తిరుగువానికై వ్రాసిన ఈ ధర్మము, కర్నూలు నుండి దర్శికి మిరపకోతకు వచ్చు కూలికిని వర్తింపవలసినదే. మరల అంటురోగము రాకపోదు. మరల దారులు మూయవలసియు రావచ్చును. అట్టి సమయమున దారి మూయుటకు ముందే, ఆగిపోవువారికి ఒక కప్పు, ఒక కుండెడు నీళ్ళు, రెండు పూటల కూడు, నిజము చెప్పు ఒక మనిషి సిద్ధముగ నుండవలెను. అవి యున్నచోట జనులు కావలిని తమదిగా భావింతురు. లేనిచోట కంపను త్రొక్కుకొని పోవుదురు.