ధర్మపురి సీమయందు బడుల పూర్వోత్తరములు



కులమహాసభ సంచికయందు పాఠశాలల చరిత్రమునకు తావేల యని కొందరు శంకింపవచ్చును. విద్యాభివృద్ధినిగూర్చి తీర్మానము చేయని కులసభ మన దేశమున లేదు. కాని విద్య యే త్రోవను వచ్చినది, ఎవరి సొమ్ముతో నడచినది, ఎవరి గడపకడ నిలిచిపోయినది యను విచారణ లేక చేసిన తీర్మానము కాగితముమీదనే యుండును. అందుచే మన ధర్మపురి సీమను ముందిడుకొని యీ విషయమును సంగ్రహముగా విన్నవించుచున్నాను.

ధర్మపురి గోదావరీతీరమున వెలసిన నరసింహక్షేత్రము. నరసింహశతకమును రచించిన శేషప్పకవి యీ పురవాసియే. వేదపాఠమునకును సంస్కృతాధ్యయనమునకును ఈ యూరు చిరకాలముగా పేరువడసినది. పండితుల యిండ్ల యరుగులే పాఠశాలలు. గురువుగారి జ్ఞాపకమే గ్రంథాలయము. ఈ విద్య గొప్పది. అయినను అది కొన్ని యిండ్ల విద్య. నదికి నీటికై వచ్చిన వారందరి బిడ్డలకును ఆ యరుగుపై చోటు లేకుండెను. ఈ సత్యమును మరుగుపరచిన చరిత్రము చరిత్రము కానేరదు.

తక్కిన జనమునకు దిక్కైనది వీధిబడి. అయ్యవారు ఇసుకలో ఓనామాలు దిద్దించి, గుణింతములు, ఎక్కములు, శతకపద్యములు వల్లె వేయించెడివారు. జీతము రొక్కముగా కొంత, ధాన్యముగా కొంత; దసరాకు పిల్లలు ఇల్లిల్లు తిరిగి తెచ్చు కానుక మరికొంత. ఈ బడులకు సర్కారు సహాయము లేదు, పరీక్షాధికారి లేడు. అయినను వర్తకుని లెక్కయు, రైతు పత్రమును చదువగలిగిన వారిని పెక్కు గ్రామములలో తయారుచేసినవి ఈ బడులే. ఆడుపిల్లలును, అస్పృశ్యులుగా నెంచబడిన వారి బిడ్డలును మాత్రము వానియందును సాధారణముగా కానరాకుండిరి.

సర్కారీ విద్య నిజాము రాజ్యమున మొదటి సాలారుజంగు మంత్రిత్వములో ప్రారంభమైనది. 1854 ప్రాంతమున హైదరాబాదులో దారుల్ ఉలూమ్ వెలసినది. 1859-60లో ప్రతి తాలూకా కేంద్రమునను జిల్లా కేంద్రమునను రెండేసి పాఠశాలలు, పారసీకమునకొకటియు దేశభాషకొకటియు, తెరువవలెనని యుత్తరువులయ్యెను. 1865లో జిల్లాబందీ జరిగి మన ప్రాంతము ఎలగందల జిల్లాలో చేరినది. 1905లో జిల్లాల మార్పు జరిగినప్పుడు కరీంనగరు జిల్లా యేర్పడగా, ధర్మపురి జగిత్యాల తాలూకాలో నుండెను. ఇట్లు సర్కారు బడి మొదట తాలూకా కేంద్రమునకు వచ్చినది. అచటినుండి గ్రామమునకు దిగివచ్చుటకు దశాబ్దములు పట్టినది.

ఈ బడులకు సొమ్మెక్కడిది? భూమిశిస్తుపై రూపాయికొక అణా చొప్పున లోకల్ ఫండు పన్ను వసూలగుచుండెను. దానిలో కొంత భాగము పాఠశాలలకు వినియోగపడెను. అనగా నాగలి పట్టిన రైతు తన బిడ్డ బడి మొగము చూచినను చూడకున్నను బడికై పన్ను చెల్లించెను. 1901 జనాభా లెక్కలలో హైదరాబాదు రాజ్యమంతటను చదువ వ్రాయ నేర్చినవారు నూటికి సుమారు ముగ్గురే. స్త్రీలలో వేయికి ముగ్గురు. పన్ను అందరిదియు, చదువు కొందరిదియు నని ఈ లెక్కయే చెప్పుచున్నది.

ఇక భాషావిషయము. 1884లో పారసీకమునకు మారుగా ఉర్దూ రాజభాష యయ్యెను. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూ బోధనభాషగా తెరువబడెను. ఒక దేశభాషలో వైద్యమును, గణితమును, ప్రకృతిశాస్త్రములను బోధింపవచ్చునని నిరూపించుట మెచ్చదగిన పనియే. అందుకై స్థాపించిన అనువాదశాఖ చేసిన శ్రమయు గొప్పది. కాని రాజ్యప్రజలలో ఉర్దూ మాతృభాషగా గలవారు నూటికి పదిమంది. తెలుగువారు సుమారు సగము. ప్రాథమిక తరగతులలో తెలుగునకు కొంత తావుండినను, పై తరగతులలో బోధన ఉర్దూలోనే సాగెను. మన యూరి పిల్లవాడు లెక్క నేర్చుకొనుటకు ముందు లెక్క చెప్పు భాషను నేర్చుకొనవలసి వచ్చెను. ఇంట ఉర్దూ వినని బీదవాని బిడ్డకు ఇది రెండింతల బరువు. అనేకులు ఆ మెట్టుకడనే బడి మానిరి.

ఈ యవస్థను తొలగింప జనులు పూనుకొనిరి. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయమును, 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్రభాషానిలయమును వెలసెను. 1921లో ఆంధ్రజనసంఘము పుట్టెను. ఖానగీ పాఠశాలలు స్థాపించుటకు ముందుగా సర్కారు అనుమతి పొందవలెనను నిబంధన 1924 ప్రాంతమున వచ్చినప్పుడు సంఘము వారు దానిని గట్టిగా ప్రతిఘటించిరి. ఏలయనగా ఆ నిబంధన పల్లెలలోని వీధిబడి గొంతు నొక్కునదిగా నుండెను. 1935లో ఆంధ్రమహాసభ నాలుగవ సమావేశము మన జిల్లాలోని సిరిసిల్లయందు మాడపాటి హనుమంతరావుగారి యధ్యక్షతను జరిగెను. మాతృభాషాబోధన ఆ మహాసభలు మాటిమాటికి కోరిన కోరిక.

కులసంఘముల పాత్రయు ఇచట స్మరింపదగినది. 1910లో భాగ్యరెడ్డివర్మగారు హైదరాబాదున ఆదిహిందూ బాలురకు బడి తెరచిరి. 1918లో రెడ్డి హాస్టలు వెలసినది. దానికి రాజా బహదూర్ వేంకటరామారెడ్డిగారు ప్రాణము. 1928లో స్థాపితమైన మాడపాటివారి బాలికాపాఠశాల తెలుగులో బోధించినందున ఉస్మానియా గుర్తింపు లేక, బాలికలను పూనాలోని కర్వే విశ్వవిద్యాలయపు పరీక్షలకు పంపవలసి వచ్చెను. పరరాష్ట్రపు పరీక్షకు పోయిరేగాని మాతృభాషను విడువలేదు.

1948 సెప్టెంబరులో నిజాము పాలన ముగిసినది. 1951 లెక్కలలో హైదరాబాదు రాష్ట్ర అక్షరాస్యత నూటికి తొమ్మిది మాత్రమే. పాఠశాలలలో మాతృభాషకు స్థానము లభించినది. 1956లో ఆంధ్రప్రదేశ మేర్పడిన పిమ్మట, 1959లో పంచాయతీ సమితులును జిల్లా పరిషత్తులును వెలసినవి. ప్రాథమిక పాఠశాలలు సమితుల క్రిందికిని, ఉన్నత పాఠశాలలు జిల్లా పరిషత్తుల క్రిందికిని వచ్చినవి. అమెరికాయందు స్థానికులు బోర్డు నెన్నుకొని, స్థానికముగా పన్ను విధించుకొని బడులు నడపుకొను స్కూలు డిస్ట్రిక్టు పద్ధతి కలదు. మనకు దానికి దగ్గరి వస్తువు జిల్లా పరిషత్తే. అయితే మన పరిషత్తునకు భవనమును పేరును దక్కినంతగా ధనము దక్కలేదు. జీతములును విధానమును రాష్ట్ర రాజధానిలోనే నిర్ణయమగుచు వచ్చినవి.

ఆ కాలపు బడులనుండి వచ్చిన ఇద్దరిని తలచుకొందము. హనుమాజీపేటలో 1931లో జన్మించిన సి. నారాయణరెడ్డిగారు ఉర్దూ మాధ్యమమున చదివి తెలుగు మహాకవులైరి. వంగరలో పెరిగిన పి.వి. నరసింహారావుగారు ఉన్నతపాఠశాలకై హనుమకొండ చేరవలసి వచ్చెను. వారే విద్యామంత్రిగా నుండగా 1968లో తెలుగు అకాడమి స్థాపితమై, కళాశాలలకు తెలుగు పాఠ్యగ్రంథములు సిద్ధమయ్యెను. అయితే ఇద్దరు దాటినారని ఏరు లోతులేనిదని చెప్పరాదు. మునిగినవారి పేర్లు ఏ సంచికలోను ఉండవు.

2016లో జగిత్యాల జిల్లా యేర్పడినది. 2018లో ధర్మపురి పురపాలక సంఘమైనది. 2011 లెక్కలలో పూర్వపు కరీంనగరు జిల్లా అక్షరాస్యత నూటికి సుమారు 64. ముగ్గురినుండి అరువదినలుగురికి వచ్చితిమి; తక్కిన ముప్పదియారుగురు మన పొలములలోను, మగ్గములకడను, వంటయిండ్లలోను ఉన్నారు. 2018లో పదవ తరగతివరకు తెలుగు తప్పనిసరి పాఠ్యాంశముగా చట్టమైనది. 2022-23నుండి సర్కారు బడులలో ఆంగ్ల మాధ్యమము ప్రవేశించినది. ఆంగ్లము జీవనోపాధికి అవసరమే. కాని ఇంట వినని భాషలో లెక్క నేర్చు పిల్లవాని కష్టము మన తాతలు ఎరిగినదే. పరభాషను నేర్పుట వేరు, పరభాషలోనే సర్వమును నేర్పుట వేరు. ఈ భేదమును మరచిన యెడల, పూర్వము ఉర్దూకడ నిలిచిపోయిన బీదబిడ్డలవలెనే నేటి బీదబిడ్డలు ఆంగ్లముకడ నిలిచిపోవుదురు.

కర్తవ్యమేమి? 2009 విద్యాహక్కు చట్టము ప్రతి సర్కారు బడికిని యాజమాన్య సంఘ ముండవలెననియు, అందు నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సగము స్త్రీలు ఉండవలెననియు శాసించినది. ఒక అణా పన్ను చెల్లించియు మాట చెల్లని తాతలకు లేని హక్కు ఇది. మనలో కలిగినవారు తమ బిడ్డలను ఖానగీ బడులకు పంపి, సర్కారు బడిని బీదవారి పాలు చేసి, సభలో విద్యాభివృద్ధి తీర్మానమునకు చప్పట్లు కొట్టుట ధర్మము కాదు. హాస్టలు కట్టుదము, విద్యార్థివేతనము లిత్తము. కాని ఊరి బడి చెడినచో హాస్టలు వరకు వచ్చు బిడ్డయే యుండడు. కావున ప్రతి గ్రామమున మనవారొక్కరైనను, ముఖ్యముగా తల్లులు, బడి సంఘములో కూర్చుండి పంతులు వచ్చెనా, పాఠము జరిగెనా, పిల్లకు అర్థమయ్యెనా యని విచారింపవలెను. ఆ బడిలో మన పిల్లప్రక్కన ఏ కులపు పిల్ల కూర్చున్నను ఆ పిల్ల క్షేమమును మన క్షేమమే యని యెంచవలెను. పూర్వము అరుగుపై చోటు దొరకని వారి సంతతి మనలో ఎందరో కలరు. చోటు దొరకకుండుట యెట్టిదో మనకు ఒకరు చెప్ప నక్కరలేదు.

శుభం భూయాత్.