వేవిళ్ళనాటి తిండి, పెద్దయ్యాక ఒళ్ళు



దుగ్గిరాల, తెనాలి వైపు కడుపుతో ఉన్న అమ్మాయికి ఇంట్లో రెండు సలహాలు వినిపిస్తుంటాయి. "తక్కువ తినవే, బిడ్డ లావైతే కాన్పు కష్టం" అంటుంది ఒకావిడ. "ఇద్దరి తిండీ నువ్వే తినాలి" అంటుంది ఇంకొకావిడ. ఏది నిజం? చరిత్రను అడుగుదాం.

1944-45 చలికాలంలో యుద్ధంవల్ల హాలెండులో కరువొచ్చింది. అప్పుడు కడుపులో ఉన్న మగపిల్లలకు 19 ఏళ్ళు వచ్చాక సైన్యంవారు చేసిన పరీక్షల లెక్కలు 1976లో వెలువడ్డాయి. తొలి నెలల్లో తల్లి పస్తులుంటే, పిల్లల్లో స్థూలకాయం ఎక్కువ. చివరి నెలల్లో పస్తులుంటే తక్కువ! తొలినాళ్ళలో కరువు చూసిన శరీరం దొరికింది దాచుకోవడం నేర్చుకుంటుందని శాస్త్రజ్ఞుల ఊహ.

మన దగ్గర 1987-90లో హైదరాబాదు పరిసరాల 29 పల్లెల్లో, కొన్నింట గర్భిణులకూ చిన్నపిల్లలకూ అదనపు ఆహారం పెట్టారు. 13-18 ఏళ్ళప్పుడు చూస్తే ఆ పిల్లలు మిగతా ఊళ్ళవారికంటే కాస్త పొడవు. వాళ్ళ ఒంట్లో ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది. కొవ్వులో తేడా లేదు. అంటే ఆ తిండి లావు చేయలేదన్నమాట.

మరి మాత్రలు? పుణె దగ్గరి పల్లెల్లో ఫోలేటు ఎక్కువున్న తల్లుల బిడ్డలకు ఆరేళ్ళప్పుడు కొవ్వు కాస్త ఎక్కువుందనీ, తోడుగా బి12 తక్కువైతే ఇన్సులిన్ పని మరీ మందగించిందనీ 2008లో తెలిపారు. అలాగని ఫోలిక్ మాత్ర మానేయకండమ్మా, అది బిడ్డ వెన్నుకు రక్ష. పాలు, పెరుగు, గుడ్డు, చేప కూడా తినాలి. బొత్తిగా శాకాహారులైతే బి12 సంగతి డాక్టరుగారిని అడగండి.

పస్తూ వద్దు, రెండింతలూ వద్దు. కోడలి కంచం ముందు కూర్చుని ముద్దలు లెక్కపెట్టకండి, కూరా పప్పూ ఉన్నాయో లేదో చూడండి.