కరెంటు రేటు ఎవరు వేయాలి?

మన ఒడిశాకు దేశంలో ఒక ప్రత్యేకత ఉంది. రాష్ట్ర స్థాయిలో విద్యుత్ నియంత్రణ కమిషన్ మొట్టమొదట పుట్టింది ఇక్కడే. మా బరంపురంలో కూడా ఈ సంగతి చాలామందికి తెలియదు. పెద్దవాళ్ళు ఇప్పటికీ "బోర్డు వాళ్ళు" అంటారు, మా నాన్నగారు "సౌత్‌కో" అంటారు, నేను చూసే బిల్లు మీద టాటా పవర్ అని ఉంటుంది. ఇన్ని పేర్లు ఎందుకు మారాయో తెలుసుకుందామని చదివాను.

1948 నాటి చట్టం వల్ల రాష్ట్రాల్లో విద్యుత్ బోర్డులు వచ్చాయి. మన బోర్డు 1961లో ఏర్పడింది. కరెంటు తయారుచేసేది, అమ్మేది, రేటు వేసేది అన్నీ అదే. అమ్మేవాడి చేతిలోనే తూకం రాళ్ళు కూడా ఉంటే కొనేవాడు ఎవరికి చెప్పుకోవాలి? పైగా ప్రభుత్వం మాట కాదనలేదు. నష్టాలు పెరిగిపోయాయి.

అందుకని ప్రపంచ బ్యాంకు సాయంతో సంస్కరణలు మొదలుపెట్టారు. 1995లో చేసిన చట్టం 1996 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. జలవిద్యుత్ కేంద్రాలు ఒక సంస్థకు, లైన్లు, సరఫరా గ్రిడ్కోకు వెళ్ళాయి. ఆ ఆగస్టులోనే కమిషన్ పని మొదలుపెట్టింది. ఇక రేటు పెంచాలంటే లెక్కలు కమిషన్ ముందు పెట్టాలి, పేపర్లో ప్రకటన ఇవ్వాలి, జనం అభ్యంతరాలు వినాలి. నా దృష్టిలో మొత్తం సంస్కరణల్లో గొప్ప విషయం ఇదే. తర్వాత 1998లో కేంద్రం కూడా కమిషన్ల చట్టం చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో 1999లో కమిషన్ వచ్చింది.

సరఫరాను నాలుగు కంపెనీలుగా చేసి 1999లో ప్రైవేటుకిచ్చారు. మన దక్షిణ ప్రాంతపు సౌత్‌కోతో పాటు మూడు బి.ఎస్.ఇ.ఎస్.కు, మధ్య ప్రాంతానిది అమెరికాకు చెందిన ఎ.ఇ.ఎస్.కు దక్కాయి. అక్టోబరు 29న పెనుతుపాను వచ్చి స్తంభాలను నేలకూల్చింది. 2001లో ఎ.ఇ.ఎస్. వెళ్ళిపోయింది.

అయితే తప్పంతా తుపానుదే అంటే నేను ఒప్పుకోను. చాలా ఇళ్ళల్లో సరైన మీటర్లే లేవు. తీగల్లో ఎంత పోతోందో, దొంగతనంగా ఎంత పోతోందో ఎవరికీ సరిగ్గా తెలియదు. కాగితం మీద రాసుకున్న నష్టం కంటే అసలు నష్టం ఎక్కువని తర్వాత బయటపడింది. నష్టం తగ్గుతుందనుకుని కమిషన్ రేటు వేసేది, అది తగ్గేది కాదు, ఆ తేడా అప్పుగా పేరుకునేది. కమిషన్ యూనిట్‌కి ఇన్ని పైసలని చెప్పగలదు గానీ, స్తంభం ఎక్కి కొక్కేలు పీకలేదు కదా!

చివరికి 2015 మార్చిలో ఆ మూడు కంపెనీల లైసెన్సులు రద్దు చేసింది. అప్పటికి దాదాపు 16 ఏళ్ళు! అంటే అప్పుడు పుట్టిన పిల్లవాడు పదో తరగతి పాసైపోతాడు. ఇద్దరి వాదనా వినాలి, నిజమే, కానీ ఇది మరీ ఆలస్యం.

2021 జనవరి 1న సౌత్‌కో పని టాటా పవర్ చేతికి వచ్చింది. కంపెనీలో వాళ్ళ వాటా 51 శాతం, గ్రిడ్కోది 49 శాతం. ఈసారి ఏ సంవత్సరానికి ఎంత నష్టం తగ్గించాలో, పాత బకాయిలు ఎంత వసూలు చేయాలో కమిషన్ ముందే ఉత్తర్వులో రాసిపెట్టింది.

బిల్లులో తేడా ఉంటే ఫిర్యాదుల పరిష్కార వేదికకి, అక్కడా న్యాయం కాకపోతే అంబుడ్స్‌మన్‌కి రాసుకోవచ్చు. రేట్ల విచారణకైతే కమిషన్ ఆఫీసు భువనేశ్వర్‌లో ఉంది. కంపెనీ పెట్టే లెక్కలు లావుపాటి ఇంగ్లీషు కాగితాలు. ఎక్కువగా పరిశ్రమల వాళ్ళు, వినియోగదారుల సంఘాల వాళ్ళే వాటిని చదివి అభ్యంతరాలు రాస్తున్నారు. చట్టం మాత్రం మామూలు ఇంటి బిల్లు కట్టేవాళ్ళకి కూడా ఆ హక్కు ఇచ్చింది.