మూలకాల పుట్టుక, కేంద్రక స్థిరత్వం

జగిత్యాల, నిర్మల్ ప్రాంతాల్లో పూర్వం ముడి ఇనుమును కొలిముల్లో కరిగించేవారు. ఉక్కుకు పేరుమోసిన కోనసముద్రం వాటికి దగ్గరే. ఆ ఇనుము నక్షత్రాల్లో పుట్టింది. విశ్వం మొదలైన తొలి నిమిషాల్లో ఏర్పడిన కేంద్రకాలు హైడ్రోజన్, హీలియం, రవంత లిథియం మాత్రమే. తక్కిన మూలకాల్లో చాలావాటిని నక్షత్రాలే తయారుచేశాయి.

కేంద్రకంలో ప్రోటాన్లు ఒకదాన్నొకటి వికర్షించుకుంటాయి. ప్రబల కేంద్రక బలం వాటిని న్యూట్రాన్లతో కలిపి పట్టి ఉంచుతుంది. ఆ బంధం ఇనుము, నికెల్ దగ్గర అత్యంత గట్టిది: ఇనుము-56లో ఒక్కో కణానికి సుమారు 8.8 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు. అంతకంటే బరువైన కేంద్రకాలను సంలీనం చేస్తే శక్తి వెలువడదు, ఖర్చవుతుంది. అందుకే భారీ నక్షత్రపు గర్భం ఇనుము దశకు చేరాక కుప్పకూలుతుంది; దాంతో నక్షత్రం పేలిపోవచ్చు. ఇలాంటి నక్షత్ర విస్ఫోటనాల్లో పుట్టిన నికెల్-56 క్షీణించి, కోబాల్ట్-56 మీదుగా ఇనుము-56 అవుతుంది. కొలిమిలో కరిగిన ఇనుములో 90 శాతానికి పైగా ఇదే. ఎంత అద్భుతమైన వంశావళి!

ఇంకా బరువైన మూలకాలు ప్రధానంగా న్యూట్రాన్లను పట్టుకుని ఏర్పడ్డాయి. సీసం దాటాక నిజంగా స్థిరమైన కేంద్రకం లేదు. అయినా కరీంనగర్ గ్రానైట్‌లో యురేనియం, థోరియం జాడలు నేటికీ ఉన్నాయి: యురేనియం-238 అర్ధాయుష్షు సుమారు 447 కోట్ల ఏళ్లు, థోరియం-232ది 1,400 కోట్ల ఏళ్లు. రెండూ మెట్లు మెట్లుగా క్షీణించి చివరకు సీసమవుతాయి.